ఉప్పు మాట ఎత్తని ఇంట్లో వేసవి సెలవులు

మనుషుల్ని నమ్మే అలవాటు నాకు తక్కువ. పుట్టుకతో వచ్చిన గుణం కాదిది, ఉద్యోగంతో వచ్చింది. బెంగళూరు యలహంకలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. పరీక్షలప్పుడు హాల్లో కాపలా ఎక్కువగా నాకే పడుతుంది. పైకప్పు వైపు చూసే పిల్లవాడు ఆలోచిస్తున్నట్టు, మెడ కూడా తిప్పకుండా మరీ బుద్ధిగా కూర్చున్నవాడి జేబులో చీటీ ఉన్నట్టు. ఏళ్ళ తరబడి అవే చూసి చూసి ఈ కళ్ళు ఇంటికొచ్చాక కూడా ఊరుకోవు. "అన్నం వడ్డించేటప్పుడు కూడా నేనేదో కాపీ కొట్టినట్టు చూస్తావు" అంటాడు మా ఆయన. కొట్టడని నమ్మకమేమిటి?

కరోనా వచ్చాక ఊరంతా నాలాగే తయారైంది. అపార్టుమెంటు లిఫ్టులో ఒకరు గొంతు సవరించుకుంటే మిగతావాళ్ళు గోడకు అతుక్కుపోయేవాళ్ళు. పాల ప్యాకెట్లు కడిగాం, కూరగాయలు కడిగాం, చివరికి కడిగిన చేతుల్ని కూడా అనుమానించాం. మా ఆయనకు ఇంటి నుంచే ఆఫీసు పని. దగ్గు వస్తే గబగబా నీళ్ళు నోట్లో పోసుకుని, పొలమారినట్టు నటించి దగ్గేవాడు. పైగా "ఎవరో తలుచుకుంటున్నారు" అనేవాడు. రోజుకు అన్నిసార్లు తలుచుకునేవాళ్ళు ఈయనకు ఎవరున్నారా అని నా అనుమానం అటు కూడా పోయింది.

ఇదంతా నవ్వులాటగా చెబుతున్నాను కానీ లోపల నాకున్నది ఒకటే భయం. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ మా దగ్గరే ఉంటుంది. ఆమెకు ఉబ్బసం. బెంగళూరు చలి కాస్త ముదిరితే చాలు, రెండు మెట్లెక్కి మూడో మెట్టు మీద కూర్చుంటుంది. పీల్చే మందు కొంగుకు ముడేసుకుని తిరిగే మనిషి. ఈ జబ్బు నేరుగా ఊపిరితిత్తుల మీద పడుతుందని టీవీలో విన్న రోజే నాకు అర్థమైంది, ఇది మా ఇంటి గడప దాటితే ముందు పోయేది అమ్మేనని. అందుకే గడప దగ్గర కాపలా కూర్చున్నాను.

మాకు వేసవి సెలవులంటే హొసకోటె. తోటి టీచర్లు ఊటీ అనీ కొడగు అనీ వెళ్తూ నన్ను చూసి నవ్వేవాళ్ళు. "హొసకోటెకు కూడా సెలవులకు పోతారా? లారీలూ ఫ్యాక్టరీలూ తప్ప అక్కడేముంది?" అనేవాళ్ళు. మా పెద్దమ్మ ఉంది. అమ్మకు ఉన్నది ఆ ఒక్క అక్కే. పెదనాన్న పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు, పాతపేటలో పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. ఏడాదంతా అక్కాచెల్లెళ్ళు గంట దూరంలోనే ఉన్నా, కలిసి ఉండేది మాత్రం బడికి సెలవులిచ్చాకే. పొద్దున కాఫీతో అరుగు మీద కూర్చుంటే ఎండ కాళ్ళ మీదికి వచ్చేదాకా లేచేవాళ్ళు కాదు. ఏం మాట్లాడుకునేవాళ్ళో అడక్కండి. మేం దగ్గరికి పోతే ఆపేసేవాళ్ళు.

కరోనా మొదటి వేసవిలో వెళ్ళలేదు. వెళ్ళడానికి దారే లేదు, అంతా మూసేశారు. అమ్మ ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది. వీడియోలో పెద్దమ్మ ముఖం ఎప్పుడూ సగమే కనిపించేది, నుదురూ పైకప్పూ. ఆ వేసవి అమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు. లాక్‌డౌన్ పెట్టింది నేనే అన్నట్టు.

రెండో వేసవి వచ్చేసరికి జబ్బు తగ్గిందన్నారు, మళ్ళీ పెరుగుతోందన్నారు. పరీక్షలు రద్దయ్యాయి, బడి మూశారు. అమ్మకు టీకా ఒక సూది వేయించి ఉన్నాం. మళ్ళీ అంతా మూసేస్తారన్న పుకారు మొదలు కాగానే అమ్మ సంచీ సర్దుకుని హాల్లో కూర్చుంది.

"ఒక ఎండాకాలం ఫోన్లోనే పాయె. ఇది గూడా ఫోన్లోనే పోగొట్టుకోల్నా? నువ్వు రాకపోతే నేనే ఆటో పట్టుకొని పోతాను" అంది.

నేను ఊరికే ఒప్పుకునే రకం కాదు కదా. ముందు పెద్దమ్మకు ఫోన్ చేసి ఇంటికి ఎవరెవరు వస్తారో విచారించాను.

"పాలాయన వస్తాడు, వాకిట్లో పోసి పోతాడు. ఇంట్లోకి వచ్చేది పక్కింటి పిల్లి ఒకటే. దానికి గూడా మాస్కు కట్టల్నా పాపా?" అంది. నేను నలభై దాటినా ఆమెకు పాపనే.

మా కార్లోనే వెళ్ళాం. దారిలో టీ కూడా తాగలేదు. ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మ, పెద్దమ్మ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని నిలబడిపోయారు. నేను సానిటైజరు సీసా పట్టుకుని వాళ్ళ మధ్యకు దూరాను. "సుమ్నే ఉండవే, ఊరుకో" అని పెద్దమ్మ నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు. నాకూ వచ్చాయి కానీ, చేతులు ముఖానికి తగలకూడదని తుడుచుకోలేదు.

ఆ ఇంటి వంట సంగతి ఇక్కడ చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పెద్దమ్మ ఇంట్లో ఏది వండినా ముందు దేవుడికి పెట్టాల్సిందే. అప్పటిదాకా వండే మనిషి కూడా రుచి చూడకూడదు. మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, పెద్దమ్మకు ముక్కుతో తెలుస్తుంది. చారు పొంగు వస్తుండగా ఆవిరి మీదికి ఒక్కసారి వంగి "ఇంకా రవంత పడల్ల" అని చిటికెడు వేస్తుంది, అంతే. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ చేతి ఉప్పు తప్పింది లేదు. వాసన చూస్తే మాత్రం ఎంగిలి కాదా అని చిన్నప్పుడు అడిగాను. "ఆవిరి దానికదే వస్తే నేనేం చేసేది, ముక్కు మూసుకొని వండల్నా?" అంది.

ఇంకో కట్టుబాటు తినేవాళ్ళకు. దేవుడికి పెట్టాక అది ప్రసాదం కాబట్టి దానికి వంక పెట్టకూడదు. ఉప్పు ఎక్కువన్నా పాపమే, తక్కువన్నా పాపమే. "దేవుడే మాట్లాడకుండా తినె, నీదేమి?" అనేది పెద్దమ్మ. పెళ్ళైన కొత్తలో మా ఆయన తెలియక "కొంచెం ఉప్పు వేయండత్తా" అన్నాడు. ఆ పూట అందరూ తల వంచుకుని, ఎవరో పోయినట్టు తిన్నారు. ఆయన ఇప్పటికీ ఆ ఇంట్లో ఉప్పుగిన్నె వైపు చూడడు.

మొదటి రోజులు హాయిగా గడిచాయి. నేను మాత్రం హాయిగా లేను. పెద్దమ్మ తుమ్మితే లెక్కపెట్టేదాన్ని. పాలాయన మాస్కు ముక్కు కిందికి ఉంటే గిన్నె మూత పెట్టి వెనక్కి తెచ్చేదాన్ని. ఒకరోజు పక్కింట్లో పనసపండు కోశారు. వాసన వీధి చివరిదాకా పోయింది. పక్కింటావిడ ఎప్పటిలాగే పళ్ళెం నిండా తొనలు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది. వాళ్ళింట్లో ఎంతమంది కలిసి ఒలిచారో, ఎవరు ఏం అంటించారో! "మా అమ్మకు పడదండీ" అని తిప్పి పంపేశాను. అరుగు మీదున్న అమ్మ ఏమీ అనలేదు. ప్రాణభయం అమ్మకు కూడా పట్టుకుందిలే అని లోలోపల మెచ్చుకున్నాను. పెద్దమ్మ నా వైపూ అమ్మ వైపూ చూసి లోపలికి వెళ్ళిపోయింది. పక్కింటావిడ ముందు తనను చిన్నబుచ్చానని కోపమనుకున్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం ముద్ద మీద చారు పోసుకుని నోట్లో పెట్టుకున్నాను. కటిక ఉప్పు. గొంతు దాకా మండింది. మా ఆయన వైపు చూస్తే ఆయన కళ్ళు పెద్దవి చేసి, మింగి, కుక్కిన పేనులా కూర్చున్నాడు. అమ్మ నిదానంగా తింటోంది. పెద్దమ్మ వడ్డిస్తూ మా అందరి ముఖాలూ చూస్తోంది. ఎవరేమంటారోనని భయపడుతోందనుకున్నాను. "ఇంకా వెయ్యల్నా?" అని అడిగింది. "చాలు పెద్దమ్మా" అని మజ్జిగ పోసుకున్నాను.

భోజనాలయ్యాక మా ఆయన్ని పెరట్లోకి లాక్కెళ్ళాను.

"ఉప్పు..." అని ఆయన నోరు తెరిచాడు.

"తెలుసు. పెద్దమ్మకు వాసన పోయింది" అన్నాను.

లెక్క అంత సులువుగా తేలింది మరి. ఆమె ఉప్పు ఆమె ముక్కులో ఉంది. ఉప్పు తప్పిందంటే ముక్కు పోయింది. ముక్కు పోయిందంటే ఆ జబ్బు వచ్చింది. బయటపెడితే చెల్లెల్ని తీసుకుని వెళ్ళిపోతామని దాస్తోంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టుకున్నాననుకున్నాను. పెద్దమ్మ మీద ఎంత ప్రేమ ఉన్నా ఆ క్షణాన నాకు ఆమె మీద పుట్టింది కోపమే. పాలాయన్ని, పక్కింటివాళ్ళని, పనసతొనల్ని కూడా గుమ్మం దాటనివ్వలేదు నేను. జబ్బేమో వంటింట్లో నిలబడి మా అమ్మకు అన్నం వడ్డిస్తోంది.

"రుజువు లేకుండా అనకు. పెద్దావిడ" అన్నాడు మా ఆయన.

రుజువు కావాలంటే దొరకబుచ్చుకోవడం నాకు తెలుసు. ఆ సాయంత్రం పెద్దమ్మ వీధి అరుగు మీద ఆకుకూర బాగు చేస్తోంది. అమ్మ గదిలో పడుకుని ఉంది. నేను వంటింట్లో పాలు పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించి, చప్పుడు కాకుండా అడుగంటనిచ్చాను. వాసన వస్తే ఆమె అరుస్తుంది. అరవకపోతే, చీకటి పడకముందే అమ్మను కార్లో ఎక్కిస్తాను. గోడకు ఆనుకుని ఎదురుచూస్తున్నాను. నా ముక్కుకింకా ఏమీ తెలియనే లేదు.

"పాలు అడుగంటతాండాయి, ఎవరక్కడ?" అని అరుగు మీద నుంచి కేక.

నేను పొయ్యి ఆపేలోగానే పెద్దమ్మ చేతిలో ఆకుకూర కట్టతో వచ్చి గుమ్మంలో నిలబడింది. గిన్నె వైపు చూసింది, గోడకు ఆనుకున్న నా వైపు చూసింది.

"పొయ్యి ముందర నిలబడుకొని పాలు మాడ్చేంత మతిలేనిదానివి కాదు నువ్వు. నాకు పరీక్ష పెడతాండావా?"

జేబులో చీటీతో దొరికిన పిల్లలు ఎలా ఉంటారో అలా ఉన్నాను.

"పెట్టు, దానికేమి. నేనూ మధ్యాన్నం పెట్టినాను. అనుమానం మీ బడోళ్ళకేనా ఉండేది?"

"ఏం పెట్టావు?"

"చారు. దేవునికి వేరేగా తీసిపెట్టి, మిగిలిన దాంట్లో పిడికెడు ఉప్పేసినా." గొంతు తగ్గించి దగ్గరికి వచ్చింది. "ఎట్లాగూ నోరు తెరిచి ఎవరూ చెప్పరు కదా. అందుకే మొగాలు చూస్తా నిలబడినా. నువ్వు మాడ్చుకొంటివి. అల్లుడు మాడ్చుకొనె. మీయమ్మ ఇంకో గరిటె పోయించుకొనె."

అప్పటికీ నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవడం ఇష్టం లేకపోయింది.

"పనసపండు వాసన వీధంతా కొడతాండె. చిన్నప్పుడు ఆ వాసన తగిలితే గోడ దూకిపోయినది మీయమ్మ. పళ్ళెం తిప్పి పంపితే నీ జుట్టు పట్టుకోవల్ల అది. సుమ్నే కూర్చోనుండాదే! అప్పుడే నాకు గుండె ఝల్లుమన్నాది. ఆ ఉప్పు సంగతి దానికి చెప్పొద్దు. నగుబాటు చేసి పట్టుకొన్నారని బేజారు పడతాది."

నేను చారు తిన్నప్పుడు వండిన మనిషిని చూశాను, పక్కనే తింటున్న అమ్మను పట్టించుకోలేదు. ఇన్నేళ్ళ కాపలాలో ఇంత తప్పు చోట నేనెప్పుడూ నిలబడలేదు.

గదిలోకి వెళ్ళి అమ్మ ముక్కు దగ్గర కాఫీపొడి డబ్బా మూత తీశాను. ఆమె డబ్బా వైపు చూసి, పిల్లలకు తప్పించుకునే దారి లేనప్పుడు చేసినట్టు, కళ్ళు మూసుకుంది.

"జలుబనుకొన్నా" అంది.

"ఎప్పటి నుంచి?"

"వచ్చిన మర్నాటి నుంచి. చెప్తే కార్లో ఏసుకొని పోతావు. ఒకటి పాయె. ఇది గూడా పోతే మళ్ళా ఎండాకాలానికి మా అక్క ఉంటాదో నేను ఉంటానో!"

అరవాలనుకున్నాను. నా నోట్లోంచి వచ్చింది అరుపు కాదు. ఆమె మంచం పక్కన కూలబడి ఏడ్చాను. ఎవరు తెచ్చారు, ఎక్కడ అంటింది? సూది వేయించడానికి నేనే ఆమెను పెద్ద వరసలో నిలబెట్టాను. మందుల షాపుకు నేనే వెళ్ళాను. లిఫ్టులో ఎవరో, దార్లో ఎవరో. ఈ అనుమానం మాత్రం నాకు ఇప్పటికీ తీరలేదు.

టెస్టు చేయిస్తే ఉందనే వచ్చింది. మా ఇద్దరికీ, పెద్దమ్మకూ లేదని వచ్చింది. తెలిసిన డాక్టరు ఫోన్లో మందులు చెప్పి, ఆక్సిజన్ ఎంతుందో వేలికి మిషను పెట్టి చూస్తూ ఉండమనీ, బోర్లా పడుకోబెట్టమనీ, అంకె పడిపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమనీ అన్నాడు. అప్పటికి బెంగళూరు ఆసుపత్రుల్లో మంచాలు దొరకడం లేదని అందరూ చెప్పుకుంటున్నారు. అమ్మను పెరటి వైపు గదిలో వేరుగా ఉంచాలి. ఆమె పక్కన నేనుంటానని నేను గుడ్డలు సర్దుకుంటున్నాను. ఈలోగా పెద్దమ్మ తన చాప, చెంబు తీసుకుని ఆ గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టేసింది.

"పెద్దమ్మా, తలుపు తియ్! నువ్వూ పెద్దదానివే. నీకు ఒక్క సూదే పడింది!"

"చిన్నప్పుడు ఇద్దరికీ అమ్మవారు పోసినప్పుడు ఒకే చాప మీద పండుకొన్నోళ్ళం. ఇప్పుడు కొత్తగా ఏమి? నువ్వు బయటుండి వంట చెయ్. పాలు మాడ్చొద్దు" అంది లోపల నుంచి.

తలుపు బాదాను, బతిమాలాను, తిట్టాను కూడా. మా ఆయన "పక్కింటివాళ్ళు వింటున్నారు" అన్నాడు. విననీ అన్నాను. తలుపు తెరుచుకోలేదు.

ఆ గది కిటికీ వంటింటి పెరటి గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. నేను వండుతుంటే పెద్దమ్మ అక్కడ నిలబడేది. నా చారు పొంగు రాగానే "ఉప్పు చాలదు, ఇంకా రవంత" అనేది. పోపు వేస్తే "ఇంగువ మాడిపాయె" అనేది. కిటికీ అరుగు మీద గిన్నెలు పెట్టి నేను వెనక్కి జరిగితే ఆమె తీసుకునేది. మాస్కు పెట్టుకోమంటే గడ్డానికి పెట్టుకునేది. వేలి మిషను అంకె రోజుకు ఎన్నోసార్లు కిటికీలోంచి అరిచి చెప్పేది. అది దిగినప్పుడల్లా డాక్టరుకు ఫోన్ చేసేదాన్ని. అమ్మ బోర్లా పడుకుని ఆయాసపడుతుంటే పెద్దమ్మ వీపు నిమురుతూ ఏదో చెబుతూనే ఉండేది. వినబడేంత దగ్గరికి నన్ను రానిచ్చేది కాదు.

మెల్లగా అంకె ఎక్కడం మొదలైంది. అమ్మ లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆకలేస్తోందని అడిగింది. దేవుడి గదిలో దీపం పెట్టి, సాష్టాంగపడి లేచాను. మా ఆయనకు కూడా దండం పెట్టేలా ఉన్నాను ఆ రోజు.

అమ్మ గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్న తర్వాత ఒకరోజు చారు పొంగు వచ్చింది. కిటికీలో పెద్దమ్మ నిలబడే ఉంది, ఏమీ అనలేదు. అలసిపోయిందేమో అనుకున్నాను. పోపు వేశాను. ఏమీ అనలేదు. మర్నాడు దేవుడికి వేరే గిన్నెలో ఉప్పేసి పెట్టి, మిగతా చారులో ఒక్క ఉప్పు గల్లు కూడా వేయకుండా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఉప్పు చూడు పెద్దమ్మా" అన్నాను. ఆ ఇంట్లో అడగకూడని మాట.

ఆమె ఆవిరి మీదికి వంగింది, ఎప్పట్లాగే ఒక్కసారి.

"సరిపోయింది" అంది.

నేను గిన్నె వదల్లేదు. ఆమె నా కళ్ళలోకి చూసి, అడక్కుండానే అన్నీ తెలుసుకుంది. "వెయ్యనే లేదా? నా దగ్గర నేర్చుకొని నాకే పెడతావే!" అని నవ్వింది. ఆ వెంటనే చెయ్యెత్తి, వెనక పడుకున్న అమ్మ వైపు చూపించి, నోటి మీద వేలు పెట్టుకుంది.

జబ్బు అమ్మకు తగ్గినట్టు పెద్దమ్మకు తగ్గలేదు. రెండో టెస్టు ఫలితం రాకముందే మాట తడబడింది. మా ఆయన ఫోన్లు చేసి చేసి హొసకోటెలోనే ఒక ఆసుపత్రిలో మంచం సంపాదించాడు. అంబులెన్సు ఎక్కుతూ నాతో "మీయమ్మకు రాత్రిళ్ళు బోర్లా పండుకోమని చెప్పు, మరిచిపోతాది" అంది. మళ్ళీ మేం ఆమెను చూడలేదు. చూడనివ్వలేదు. ఒక ఉదయం ఫోన్ వచ్చింది. శ్మశానానికి మా ఆయన మాత్రం వెళ్ళాడు, దూరంగా నిలబడి వచ్చాడు. వచ్చి పెరట్లోనే నీళ్ళు పోసుకుని, ఆ తడిబట్టలతోనే కూర్చుండిపోయాడు.

అమ్మకు వెంటనే చెప్పే ధైర్యం మాకు లేకపోయింది. "ఆసుపత్రిలో బాగానే ఉంది, ఫోన్ లోపలికి ఇవ్వరట" అన్నాం. అమ్మ తలూపేది. తర్వాత ఒకరోజు నన్ను పిలిచి, "నీకు అబద్ధాలు చెప్పేది రాదు, పట్టుకొనేదే వస్తాది" అంది. అప్పుడు చెప్పాను. ఆమె పెద్దగా ఏడవలేదు. పెద్దమ్మ చాపను తన చాప పక్కకు జరుపుకుని, దాని మీద చెయ్యి వేసుకుని పడుకుంది. ఊపిరి ఆగి ఆగి వస్తుంటే మందు పీల్చమని కూడా చెప్పలేకపోయాను.

మరుసటి ఏడు సెలవులు మామూలుగానే వచ్చాయి. తోటి టీచర్లు రెండేళ్ళ కసి తీర్చుకున్నట్టు కొండలెక్కారు, సముద్రాలు చూశారు. హొసకోటె ఇల్లు పెదనాన్న వైపువాళ్ళ చేతికి వెళ్ళింది. మేం యలహంకలోనే ఉన్నాం. బడి మూసిన మొదటి ఉదయం అమ్మ కాఫీ గ్లాసుతో బాల్కనీలో కూర్చుని, ఎండ కాళ్ళ మీదికి వచ్చినా లేవలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నిజం చెప్పు పాపా. మా అక్కకు నా నుంచే వచ్చినాది గదా?"

ఆ ప్రశ్న కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నాను. జవాబు కూడా తయారుగా ఉంది.

"కాదమ్మా. ఆమెకే ముందొచ్చింది. మనం వెళ్ళేసరికే ఉంది. నీకు ఆమె నుంచి వచ్చింది."

"టెస్టులో లేదని వచ్చె గదా!"

"ఆ టెస్టులు తప్పుతాయి. ఆమెకు అప్పటికే వాసన పోయిందమ్మా. వెళ్ళిన కొత్తలోనే ఒకరోజు చారులో పిడికెడు ఉప్పు పడేసింది. నేనూ ఆయనా నోట్లో పెట్టుకోలేకపోయాం. ప్రసాదమని ఎవరం అనలేదు. కావాలంటే ఆయన్ని అడుగు."

వాసన పోయిందన్న ఒక్క ముక్క తప్పిస్తే ఉప్పు సంగతంతా జరిగిందే. తడబడలేదు, కళ్ళు దించలేదు. అమ్మ మాత్రం చాలాసేపు నా ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. అలా చూడడం నాకు బాగా తెలుసు. నేను హాల్లో పిల్లల్ని చూసేది అలాగే. గ్లాసు కింద పెట్టింది.

"మా అక్క చేతిలో ఉప్పు తప్పదు" అంది. ఆయాసం తగ్గేదాకా ఆగి, నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "అబద్ధం చెప్పల్లంటే నా మీద చెప్పు పాపా. మా అక్క ఉప్పు మీద చెప్పొద్దు."